పెళ్లికాని పిల్లల వరుస

పసూకిన్ గ్రామం, ఈలోకోస్ నోర్తె.
తపస్సుకాలం మూడవ వారం, గురువారం.

వలస వీసాల విభాగపు అధికారివారి సముఖమునకు,
అమెరికా రాయబార కార్యాలయం, మనీలా.

విషయం: మా తల్లిగారు పౌరసత్వం స్వీకరించినందున మారిపోయిన మా వరుస గురించియు, అందువలన నా తమ్ముని పెళ్లికి వచ్చిన చిక్కు గురించియు మనవి.

అయ్యా,
(తమరు స్త్రీ అయినచో, అమ్మా,)

పసూకిన్ నివాసి యుఫేమియా పగ్దిలావ్, వయస్సు యాభై నాలుగు, అవివాహిత, ఈ ఉదయం చేరిన తమ ఉత్తరానికి జవాబుగా వినయంతో వ్రాసుకొను అర్జీ. నా తమ్ముడు సిప్రియానో తరఫున కూడా నేనే వ్రాస్తున్నాను. అతనికి ఉప్పు కాచే పని ఉంది. పొయ్యి వదిలి రాలేడు.

1. తమ ఉత్తరం ఏ ఇంటికి వచ్చినదో తమకు తెలియడం మంచిదని తలచి, ఉదయం నుండి మొదలుపెడుతున్నాను.

చీకటితో లేచి జపమాల చెప్పుకున్నాను. గురువారం కనుక జపమాలలో వెలుగు రహస్యాలనే భాగం. సముద్రం వైపు నుండి గాలి లేదు. పెరట్లో సిప్రియానో అప్పటికే పొయ్యి రాజేశాడు. వెడల్పాటి ఇనుప పెనంలో ఉప్పునీరు సన్నగా మరుగుతోంది. పొగ నిలువుగా లేచి జామచెట్టు కొమ్మల్లో నిలిచింది. నేను రాత్రి మిగిలిన అన్నంలో వెల్లుల్లి వేసి వేయించాను. ఎండుచేప కాల్చాను. నంజుకోవడానికి చెరకురసపు వెనిగర్ గిన్నెలో పోశాను. సిప్రియానో కూతురు జెనలిన్ తిని బడికి పోయింది. పిల్ల తల్లి లిజా అరుగు మీద కూర్చుని కొత్త వెల్లుల్లి జడలు అల్లుతోంది. ఈ ఏడాది పాయలు చిన్నవి. జడకు ఎక్కువ గడ్డలు పడుతున్నాయి.

అప్పుడు పోస్టుమేన్ తెయోదోరో సైకిలు గోడకు ఆనించి వచ్చాడు. మా వైపు అక్కను మనాంగ్ అంటారు. పెద్దదాన్ని కావడం వల్ల ఊరంతటికీ నేను మనాంగ్‌నే.

"మనాంగ్ ఫెమీ, నీకు రాయబారి ఉత్తరం. పలచగా ఉంది మరి" అన్నాడు.

మా ఊళ్లో తమ కవర్లను చేత్తో పట్టుకుని తూచి చెబుతారు. లావుగా ఉంటే పిలుపు, పలచగా ఉంటే నిరీక్షణ. తెయోదోరో అంచనా తప్పడం నేను చూడలేదు.

"కాఫీ తాగి వెళ్లు" అన్నాను.

"వద్దులే. పలచటి కవరు ఇచ్చిన ఇంట్లో నేను కాఫీ తాగను. పోయినసారి కాస్తియో వాళ్ల ముసలమ్మ చేటతో తరిమింది."

అతను వెళ్లాక కవరు విప్పి చదివాను. అర్థం కాలేదు. రెండవసారి చదివితే అర్థమయింది. మా తల్లి బిబియానా పౌరురాలైనందున, పచ్చకార్డు కలవారి పెళ్లికాని పిల్లల వరుసలో ఉన్న మా ఇద్దరి పేర్లు, పౌరుల పెళ్లికాని పిల్లల వరుసకు మారినవి. పాత వరుసలోనే ఉండదలచినవారు వ్రాతమూలకంగా తెలుపుకోవచ్చును. ఇంతే.

సిప్రియానో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ముందుకు జరిగామా, మనాంగ్?"

"వెనక్కి" అన్నాను.

"అదేమిటి? అమ్మ పౌరురాలయింది కదా."

"అయింది కాబట్టే. మన దేశం వాళ్లకి పౌరుల పిల్లల వరుసే మెల్లగా నడుస్తోందట."

అతను పొయ్యి దగ్గరికి తిరిగి వెళ్లి కర్ర ఎగదోశాడు. లిజా జడ అల్లడం ఆపలేదు. తల ఎత్తకుండానే అంది: "అత్తగారు దేశమే మార్చుకున్నారు. నాకు ఇంటిపేరు మార్చుకునే యోగం లేదు."

"లిజా" అన్నాను.

"తప్పుగా అనలేదు మనాంగ్. లెక్క చెబుతున్నాను. ఈ వెల్లుల్లి అమ్మాక సినైత్‌లో మా అన్న ఇంటికి పోతాను. పిల్లని తీసుకుని. కోపంతో కాదు. కోపం ఎప్పుడో అయిపోయింది."

ఆమె గొంతు పెంచలేదు. ఈ అర్జీకి కారణం అదే. గొంతు పెంచి ఉంటే నేను నచ్చచెప్పేదాన్ని.

2. మా తల్లిగారి విషయం. ఆమెను హవాయికి పిలిచినది ఆమె చెల్లెలు, మా పిన్ని. తోబుట్టువుల వరుస అన్నిటికంటె పొడుగని తమకు తెలియును. పిలుపు వచ్చేసరికి మా నాన్న పోయాడు, మేము పెద్దవాళ్లమైపోయాము. పెద్దపిల్లలు తల్లి వెంట వెళ్లరాదని నియమం. ఆమె ఒక్కతే వెళ్లింది. హోటలు గదుల పక్కలు సర్దుతూ, వెళ్లిన సంవత్సరమే మా ముగ్గురి పేర్లూ వరుసలో పెట్టించింది. ముగ్గురు అంటే నేను, సిప్రియానో, చిన్నది పెర్పెతువా. పోయిన ఏడు పిన్ని కూడా కన్నుమూసింది. అప్పటి నుండి అమ్మ ఒక్కతే ఉంటోంది. మోకాళ్లు సహకరించవు. స్నానాలగదిలో గోడకు కడ్డీ బిగించుకున్నానని చెప్పింది, అదేదో కొత్త నగ చేయించుకున్నట్టు.

పౌరురాలైతే పిల్లలు తొందరగా వస్తారని అక్కడి గుడిలో ఎవరో ఆమెకు చెప్పారు. వేరే దేశాల వారికి అది నిజమేనట. డెబ్బై ఆరేళ్ల వయస్సులో ఆమె ప్రశ్నలూ జవాబులూ కాగితాల మీద రాసి ఫ్రిజ్ తలుపు నిండా అంటించుకుంది. ఫోనులో నాకు అప్పచెప్పేది. మొదటి అధ్యక్షుడెవరో, జెండాకు ఎన్ని చారలో ఆమె వల్ల నాకూ వచ్చును. ప్రమాణం చేసిన దినం ఇక్కడ మేము పందిని కోసి వీధి వీధంతా పెట్టాము. అందరూ అభినందించారు. వరుసల సంగతి తెలిసిన వారు ఒక్కరూ ఆ భోజనాల్లో లేరు. ఉన్నా తింటూ ఎవరు చెబుతారు.

ఆమె చేసినది మా కోసం. ఈ సంగతి దయచేసి తమ దస్త్రంలో ఎక్కడైనా ఒక మూల వ్రాసి ఉంచవలెనని కోరిక.

3. వీసాలు పరిమితమని మాకు తెలియును. ఏటా ఇన్ని అని లెక్క. అందులో పెద్ద పాలు కుటుంబాలకు, చిన్న పాలు పనికి పిలిచినవారికి. కుటుంబాలలో మళ్లీ మెట్లు: పౌరుల పెళ్లికాని పిల్లలు, పచ్చకార్డు వారి భార్యాబిడ్డలు, వారి ఎదిగిన పెళ్లికాని పిల్లలు, పౌరుల పెళ్లైన పిల్లలు, చివర తోబుట్టువులు. దాని మీద ఇంకొక గీత, ఏ ఒక్క దేశానికీ ఇంతకు మించి ఇవ్వరాదని. చిన్న దేశమైనా పెద్ద దేశమైనా గీత ఒక్కటే. మా దేశంలో ప్రతి ఇంటి నుండి ఒకరు అక్కడ ఉన్నారు. ఆ ఒకరు ఇంకొకరిని పిలిచారు. అందుచేత మా వరుస గుడి గుమ్మం దాటి, వీధి దాటి, సముద్రంలోకి పోయింది.

పంచేవారిని తప్పు పట్టడం నా ఉద్దేశ్యం కాదు. మా ఇంట్లోనూ ఒకే చేప ఉండేది. తల నాన్నకు, పొలానికి పోతాడు కనుక. నడుము ముక్క చిన్నదానికి, ముళ్లు తియ్యడం రాదు కనుక. తోక నాకు, పెద్దదాన్ని కనుక. ఆ పంపకంలో న్యాయం ఉందని నేను ఇప్పటికీ అంటాను. కాని అమ్మ పంచేటప్పుడు ఒకసారి అందరి మొహాలూ చూసేది. నిన్న ఎవరికి తక్కువ పడింది అని. ఆ చూపు నియమాలలో ఎక్కడ ఉన్నదో నాకు కనబడలేదు. ఉంటే చూపవలెను.

మా చిన్నది పెర్పెతువా నర్సు. అదీ మాతోపాటు అమ్మ కూతురిగా ఈ వరుసలోనే నిలబడింది. మధ్యలో టెక్సస్‌లో ఒక ఆసుపత్రి వారు పనికి పిలిచారు. పనివారి వరుసలో పోయింది. మేము ఇంకా ఇక్కడే ఉండగానే అది అక్కడ కారు నడపడం నేర్చుకుంది. అమ్మ ఉన్నచోటికీ అది ఉన్నచోటికీ విమానంలో సగం రోజు. అమ్మ హవాయి వదలదు. అక్కడైతే మా భాష మాట్లాడేవారు ఉన్నారు, చలి లేదు, గుడి నడిచేంత దూరం. ఆసుపత్రితో ఒప్పందం ఉన్నందున పెర్పెతువా టెక్సస్ వదలలేదు.

"మనాంగ్, నేను రోజూ ఒక ముసలావిడకి తల దువ్వుతాను" అని పెర్పెతువా ఒకసారి ఫోనులో చెప్పింది. "ఆవిడ నన్ను వాళ్ల అమ్మాయి పేరుతో పిలుస్తుంది."

"నువ్వేమంటావు?"

"పలుకుతాను."

కూతురిగా పోవలసి ఉంటే ఇంకా వరుసలోనే ఉండేది. పనికి పిలిచిన మనిషిగా పోయినందున చేరింది. ఇది ఫిర్యాదు కాదు. జరిగినది వ్రాశాను.

4. ఇక నా తమ్ముని విషయం. అతను అవివాహితుడని తమ దస్త్రంలో ఉన్నది. అది నిజం. అతనికి పదేళ్ల కూతురు ఉన్నది. అదీ నిజం. పచ్చకార్డు కలవారి బిడ్డ పెళ్లి చేసుకున్న దినమే పేరు కొట్టివేయబడునని నియమం కనుక, అతనూ లిజా పెళ్లి చేసుకోలేదు. ఏటా వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకున్నారు. తమ కార్యాలయం కోరినప్పుడల్లా పెళ్లి కాలేదన్న ధ్రువపత్రం తెచ్చి ఇచ్చారు. ఆ పత్రం కోసం పట్నంలో నిలబడినది ప్రతిసారీ లిజాయే, సిప్రియానోకు పొయ్యి ఉంటుంది కనుక. చివరిసారి కిటికీలో ఉన్న అమ్మాయి, "మీరు ఆయనకి ఏమవుతారు?" అని అడిగిందట. "ఆయనకి పెళ్లి కాలేదని నాకు బాగా తెలుసు, అంత తెలిసినదాన్ని" అని చెప్పి పత్రం తీసుకుని వచ్చింది. ఇంటికి వచ్చి నవ్వుతూ చెప్పింది. సిప్రియానో నవ్వలేదు.

ఇతరులు చేసిన పని వీరు చేయలేదు. బుర్గోస్‌లో ఒకాయన వేరే ఊళ్లో రహస్యంగా పెళ్లి చేసుకుని, తమ ముందు బ్రహ్మచారినని ప్రమాణం చేశాడు. పట్టుబడ్డాడు. వరుస పోయింది, మాట పోయింది. ఇంకొకాయన నిజంగానే బ్రహ్మచారిగా వెళ్లి, ఇక్కడ ఇద్దరు పిల్లలున్న మనిషిని మరిచి, అక్కడ పెళ్లి చేసుకున్నాడు. లిజాకు రెండు కథలూ తెలుసు. రెండవ కథ ఆమె ఎత్తదు. ఎవరైనా ఎత్తితే లేచి నీళ్లకు పోతుంది.

నేను మా విచారణ గురువు ఫాదర్ అన్సెల్మో వద్దకు వెళ్లి, మునిసిపాలిటీలో నమోదు చేయకుండా దేవుని ఎదుట మాత్రం పెళ్లి జరిపించమని అడిగాను.

"ఫెమీ, గుడి పుస్తకంలో రాసి ఊరి పుస్తకంలో రాయకపోతే నన్ను జైల్లో వేస్తారు" అన్నారు ఆయన. "నాకు సోమవారం భోజనం నువ్వు తెస్తావా?"

"తెస్తాను ఫాదర్."

"మిగిలిన రోజులు?"

మంచివారు. మా ఇంట్లో తిన్నారు. కాని ఒప్పుకోలేదు.

అందుచేత, పెళ్లి లేని కాపురం కనుక, లిజా పూజలో దివ్యసత్ప్రసాదం తీసుకోదు. అందరూ వరుసలో ముందుకు పోతున్నప్పుడు ఆమె మోకాళ్లు పక్కకు తిప్పుకుని దారి ఇస్తుంది. జ్ఞానస్నానం నాడు పిల్లకు తల్లి ఇంటిపేరే రాశారు. నేను లోకాన్ని బాగా ఎరుగుదునని అనుకోను, కాని ఇన్నేళ్లు పూజ విని ఆకలితో ఇంటికి వచ్చిన మనిషి ఒక్కమాటు అన్నం తినకుండా పడుకుంటే అది అలకో ఉపవాసమో తెలుసుకునేపాటి ఎరుక ఉన్నది.

నా విషయం వేరు. ఒకప్పుడు నన్నూ అడిగినవారు ఉన్నారు. వరుస ముగియనిమ్మన్నాను. ఆయన ఆగలేదు. ఆగమని నేనూ గట్టిగా చెప్పలేదు. దానికి తమరు కారణం కారు.

5. నెలకొకసారి తమవారు వెలువరించే తేదీల పట్టికను బిస్కోచో రొట్టెల దుకాణం గోడకు అంటిస్తారు. ఆదివారం పూజ అయ్యాక ఊరు అక్కడ చేరుతుంది. చూపు ఆనని ముసలివారి కోసం ఒకరు పైకి చదువుతారు. సువార్త తరువాత మా ఊరు అంత నిశ్శబ్దంగా వినేది అదొక్కటే. ఏదో ఒక నెలలో ఒక వారం ముందుకు జరుగుతుంది. కొన్ని నెలలు కదలదు. కొన్నిసార్లు వెనక్కి పోతుంది. తేదీ వెనక్కి పోవడం ఎలా సాధ్యమో మా ఊళ్లో ఒక్క బడిపంతులు మాత్రం వివరించగలడు, ఆయన వివరించాక ఎవరికీ అర్థం కాదు.

పోయిన నెల మా ఎదురింటి డెమెట్రియో పట్టిక చూసి, "మా నాన్న వంతు రెండు వారాలు దగ్గరపడింది" అన్నాడు.

"మీ నాన్న పోయాడు కదా" అని ఎవరో అన్నారు.

"ఆయనకి తొందర లేదులే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి ఆయన ఆత్మశాంతికి ఒక పరలోక జపం చెప్పాను.

6. పై కారణములచేత తమను వేడుకొనునది:

(అ) మా ఇద్దరినీ పాత వరుసలోనే, అనగా పచ్చకార్డు కలవారి పెళ్లికాని పిల్లల వరుసలోనే ఉంచవలెను. పట్టిక ప్రకారం అందులో మా వంతు ఇక దూరం లేదు. ఈ మాట ఇదివరకు కూడా అనుకున్నాము.

(ఆ) ఆ వరుసలో ఉండగానే పెళ్లి చేసుకొనుటకు నా తమ్మునికి ప్రత్యేక అనుమతి దయచేయవలెను. పెళ్లికానివారి వరుసలో పెళ్లైన మనిషిని ఉంచడం తిరకాసు అని నాకు తెలియును. అయినను అడుగుతున్నాను. అడగకుండా లిజా మొహం చూడలేను.

(ఇ) అది కుదరని పక్షమున నా పేరు వరుస నుండి తొలగించి, నా వంతును నా తమ్ముని భార్యకు, అనగా భార్య కాబోవు లిజాకు బదలాయించవలెను. నాకు వెళ్లవలెనని లేదు. గుడిలో పూలు మార్చే పని నాది, జపమాల కూటం నాది, సమాధులు తుడిచే వంతూ నాదే. నా వంతు తీసుకున్నచో తమ లెక్కలో ఒక్క అంకె కూడా పెరగదు. ఒక మనిషి బదులు ఒక మనిషి. ఇంటిలో చేప తోక నేను ఎవరికైనా ఇవ్వగలిగేదాన్ని. అమ్మ వద్దనలేదు.

నాకు చట్టం రాదు. తమకు వచ్చును. ఇందులో ఏది వీలగునో తమరే ఎంచి, లిజా వెల్లుల్లి అమ్ముడుపోకముందే ఒక మాట తెలుపుదురని ఆశ. ఈ ఏడు ధర బాగున్నది, త్వరగా పోవును.

తమ బల్ల మీద మా వంటి కవర్లు ఎన్నో ఉండునని ఎరిగి, తీరిక చేసికొని దీనిని చిత్తగించవలెనని మరీ మరీ వేడుకొనుచు, తమ క్షేమం కొరకు ఈ సాయంత్రపు జపంలో ఒక రహస్యం చెప్పుకొందును.

ఇట్లు,
తమ విధేయురాలు,
యుఫేమియా పగ్దిలావ్

తాజా కలం: కవరు అంటించాను. మళ్లీ విప్పవలసి వచ్చినది. చిరిగిన అంచుకు క్షమించవలెను.

సాయంత్రం త్రికాల జపం గంట అయ్యాక అమ్మ ఫోను చేసింది. అక్కడ ఆమెకు నిద్రవేళ. పెర్పెతువా ద్వారా సంగతి ముందే తెలిసింది. ఫోనును బల్ల మధ్యన పెట్టి అందరికీ వినబడేలా చేశాము. సిప్రియానో ఒక పక్క, లిజా గుమ్మంలో, నేను దీపం దగ్గర. పిల్లను ఎదురింటికి పంపించాము.

"నా వల్ల వెనకబడ్డారట" అంది అమ్మ.

"నీ వల్ల కాదు" అన్నాను.

"నా వల్లే. ఆ ప్రశ్నలన్నీ నేర్చుకున్నాను, ఈ ఒక్కటీ ఎవరూ అడగలేదు. ఫెమీ, ఆ ఉత్తరం చదువు. నెమ్మదిగా చదువు."

చదివాను. మా భాషలో చెప్పాను. ఆమె చివరిదాకా వింది. తరువాత అడిగింది: "పౌరురాలి బిడ్డ పెళ్లి చేసుకుంటే పేరు కొట్టేస్తారా?"

ఈ ప్రశ్న నాకు తట్టలేదు. పొద్దుటి నుండి నేను పాత వరుసనే పట్టుకుని ఉన్నాను. నేను రాసిపెట్టుకున్న పట్టిక నకలు తెచ్చి చూశాను. "కొట్టెయ్యరు" అన్నాను. "పెళ్లైన పిల్లల వరుసకి మారుస్తారు. పెళ్లాం పేరు, పిల్ల పేరు కూడా కలుపుతారు."

"మరింకేం."

"ఆ వరుస ఇంకా పొడుగమ్మా. ఇప్పుడు వాళ్లు పిలుస్తున్నవాళ్లు పేరు పెట్టించినప్పుడు సిప్రియానో బడికి పోతున్నాడు. మన వంతు వచ్చేసరికి జెనలిన్ వయసు దాటిపోతుంది. దాని పేరు పోతుంది."

సిప్రియానో నవ్వాడు. "నేను తాతనై కర్ర పట్టుకుని వెళ్తాను. ముసలి ఉప్పువాణ్ణి ఎవరు రానిస్తారు."

"నేనుండను అప్పటికి" అంది అమ్మ. "నేను పోతే ఆ వరుసా పోతుంది, అవునా ఫెమీ?"

అవునని చెప్పవలసి వచ్చింది.

సిప్రియానో నేలచూపు చూస్తూ అన్నాడు: "పాత వరుసలో ఉంటే ఇంకో రెండేళ్లు. మహా అయితే మూడు. వెళ్లగానే వీళ్లిద్దరికీ నేనే కాగితాలు పెడతాను. లిజా, ఇన్నేళ్లు ఆగావు."

లిజా గుమ్మంలోంచి రాలేదు. "నిన్ను అమెరికా ఎవరడిగారు?" అంది. "నేనడిగింది ఫాదర్ గారి ముందు నిలబడమని."

ఫోనులో అమ్మ ఊపిరి వినబడుతోంది. సిప్రియానో చేతులు చూసుకున్నాడు. ఉప్పు పని చేసేవారి చేతులు పగిలి ఉంటాయి.

"రెండేళ్లు అని ఎనిమిదేళ్ల కిందట కూడా అన్నావు" అంది లిజా. ఎత్తిపొడుపు కాదు. గుర్తుచేసింది.

"అన్నాను" అన్నాడు.

"సిప్రియానో" అంది అమ్మ. "నేను ఇక్కడికొచ్చి ఇతరుల పక్కలు సర్దాను. మీరు ఒక కప్పు కింద ఉండాలని. నువ్వు అక్కడ కప్పు ఉండి కూడా బయట నిలబడ్డావు. నా కోసం ఆగకు. చేసుకో."

అతను లేచి లిజా దగ్గరికి వెళ్లాడు. ఏం చెప్పాడో నాకు వినబడలేదు. ఆమె తల ఊపలేదు. అల్లుతున్న జడ చేతిలోనే ఉంది. దాన్ని అతని చేతికి ఇచ్చి, లోపలికి వచ్చి, ఫోను ముందు కూర్చుంది.

"అత్తగారూ, మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అని అడిగింది.

"బాగా లేవు" అంది అమ్మ. "మరి నా దగ్గరికి ఎవరొస్తారు?"

ఈ మాట ఆమె ఇన్నేళ్లలో ఎన్నడూ అనలేదు. రమ్మని మమ్మల్ని పిలిచింది కాని, తనకు మనిషి కావాలని చెప్పలేదు. అందరూ నా వైపు చూశారు. నేను అందరికంటె ఆలస్యంగా అర్థం చేసుకున్నాను.

"నేను వస్తానమ్మా" అన్నాను.

"నీకు పూలు, సమాధులు ఉన్నాయి కదే."

"లిజా చూస్తుంది." లిజా అవునంది.

కావున తమతో మనవి ఏమనగా: పై 6 (ఆ), (ఇ) కొట్టివేయవలెను. (అ)లో నా తమ్ముని పేరును కూడా కొట్టివేసి, అతనిని పౌరుల పెళ్లైన పిల్లల వరుసకు మార్చవలెను. భార్య ఫ్లోర్‌దెలిజా (లిజా పూర్తి పేరు), కూతురు జెనలిన్ అని చేర్చవలెను. పెళ్లి ధ్రువపత్రం వచ్చిన వెంటనే పంపగలము. అతని వంతు వచ్చినా రాకపోయినా తమను మరల ఈ విషయమై బాధించము.

నన్ను మాత్రం పాత వరుసలోనే, పెళ్లికాని కూతుళ్లలోనే ఉంచవలెను. అలా ఉండడానికి నేను కొత్తగా చేయవలసినది ఏమీ లేదు.

ఇంట్లో అందరం కూర్చుని ఈ సాయంత్రం నిర్ణయించినది ఇది. తపస్సుకాలంలో పెళ్లిళ్లు చేయరు కనుక, ఈస్టర్ దాటిన మొదటి శనివారం సిప్రియానోకూ లిజాకూ పెళ్లి. అమ్మ దగ్గరకు నేను. ఎప్పుడన్నది మా చేతిలో లేదు, తమరు చెప్పవలెను.